ఇంటి సాల్ట్‌వాటర్ ట్యాంకులో రాస్ చేపల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రపు చేపల ట్యాంకు పెట్టుకున్నవారిలో చాలామందికి క్లౌన్‌ఫిష్ తరువాత మనసు పోయేది పగడపు దిబ్బల్లో ఉండే రంగురంగుల రాస్ చేపల మీదికే. వాటి గురించి అవే సందేహాలు పదేపదే వస్తున్నందువల్ల, కొనకముందు మొదలయ్యేవాటి నుంచి చేప పెద్దదయ్యాక వచ్చేవాటి వరకు దశలవారీగా ఇక్కడ కూర్చడమైనది. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు. రాస్‌ను రంగు చూసి కాక, అది రాత్రిపూట ఎక్కడ, ఎలా పడుకుంటుందో తెలుసుకుని ఎంచుకోవాలన్నది ఈ జవాబులు రాసినవారి గట్టి అభిప్రాయం.

## కొనడానికి ముందు

రాస్‌లలో ఇన్ని రకాలున్నాయి కదా, ఇంట్లో పెంచడానికి ఏవి పనికొస్తాయి?

రాస్‌ల కుటుంబమైన లాబ్రిడేలో 500కు పైగా జాతులున్నాయి. వేలంత పొడవు దాటని పాసమ్ రాస్ ఆ కుటుంబానిదే, రెండు మీటర్లకు మించి పెరిగే హంప్‌హెడ్ రాస్ కూడా దానిదే. ఇంటి ట్యాంకుకు నప్పేవి ముఖ్యంగా ఫెయిరీ రాస్‌లు, ఫ్లాషర్ రాస్‌లు, హాలికీరిస్ ప్రజాతిలోని యెల్లో కోరిస్, మెలనూరస్ వంటి చిన్న రకాలు, పాసమ్ రాస్‌లు. దుకాణంలో అంగుళం, రెండంగుళాల పిల్లగా ముద్దొచ్చే కొన్ని రకాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నారింజ రంగు మీద తెల్ల మచ్చలతో కనిపించే రెడ్ కోరిస్ పిల్ల సముద్రంలో 40 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. కొట్టుకువచ్చిన నాచుముక్కలా ఊగుతూ ఈదే డ్రాగన్ రాస్ పిల్ల పెద్దదై రాళ్ళను తిరగేసి కింద ఉన్నదాన్నల్లా తింటుంది. మూన్ రాస్, బర్డ్ రాస్ కూడా ఆరడుగుల ట్యాంకు ఉన్నవారికే తగినవి.

ఇసుకలో పడుకునేవి, రాళ్ళలో పడుకునేవి అని విడదీసి చెబుతారు. ఆ తేడా అంత ముఖ్యమా?

రాస్ విషయంలో తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. హాలికీరిస్, లెపర్డ్, కోరిస్, టామరిన్ రకాలు చీకటి పడబోయే వేళకు ఇసుకలో దూరి తెల్లవారే వరకు అక్కడే ఉంటాయి; భయపడినా చేసే పని అదే. యెల్లో కోరిస్ ఇసుకలోకి వెళ్ళే తీరును ఒకసారి గమనించండి: ఒక చోటు మీద రెండు మూడు చుట్లు తిరిగి, పక్కకు ఒరిగి, తల ముందుగా దూసుకుపోతుంది. తోకను ఒక్కసారి విదిలించగానే పైన చిన్న గుంట తప్ప మరేమీ మిగలదు. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది. ఇసుక లేని ట్యాంకులో ఇదే చేప గాజు అడుగుకు మూతి కొట్టుకుని గాయపడి, ఆ గాయం వల్ల మేత మానేసి చనిపోతుంది.

ఫెయిరీ, ఫ్లాషర్, సిక్స్‌లైన్ రకాలకు ఇసుకతో పని లేదు. అవి రాళ్ళ సందులలో చేరి ఒళ్ళంతా జిగురు పొర కప్పుకుని నిద్రపోతాయి. కాబట్టి అడుగున ఇసుక వేయకుండా శుభ్రంగా ఉంచుకోవాలనుకునేవారు ఈ రెండో వర్గంలోనే ఎంచుకోవాలి.

సిక్స్‌లైన్ రాస్ చిన్నది, ధర కూడా తక్కువ. మొదటి చేపగా వేయవచ్చా?

వేయకపోవడమే మంచిది. పది సెంటీమీటర్లకు మించని ఈ చేప దృఢమైనది, మేతకు పేచీ పెట్టదు, కోరల్స్‌ను (పగడాలను) పీడించే చదునుపురుగులను, చిన్న పరాన్నజీవి నత్తలను ఏరి తింటుంది. అయితే ముందుగా వచ్చి స్థిరపడిందంటే ట్యాంకు మొత్తం తనదే అనుకుని, తరువాత వచ్చే మెత్తని చేపలను, ముఖ్యంగా ఇతర రాస్‌లను, మేతకు కూడా రానీయకుండా తరుముతుంది. దీన్ని అన్నిటికన్నా చివరగా వేయాలి. ఫ్లాషర్ రాస్‌లను పెంచాలన్న ఆలోచన ఉంటే అసలు వేయకూడదు.

నా ట్యాంకు మూడడుగులే. ఏ రాస్ వేయమంటారు?

36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 190 లీటర్లు పడతాయి. అందులో ఒక పాసమ్ రాస్ గాని, ఒక ఫ్లాషర్ రాస్ గాని సుఖంగా ఉంటుంది. యెల్లో కోరిస్ పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరిగి రోజంతా అటూ ఇటూ తిరిగే చేప కనుక దానికి సుమారు 255 లీటర్లు పట్టే నాలుగడుగుల ట్యాంకు నయం.

లెపర్డ్ రాస్ చాలా అందంగా ఉంది. కొత్త ట్యాంకులో బతుకుతుందా?

సాధారణంగా బతకదు. దానికి కారణం ఆకలి. లెపర్డ్ రాస్ తింటున్నప్పుడు దగ్గర నుంచి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. రాయికి అంగుళం దూరంలో నిలిచి, ఒక కన్ను పైకి, మరో కన్ను కిందికి తిప్పుతూ, కంటికి ఆననంత చిన్న ప్రాణిని గుర్తించి ఒక్క పొడుపు పొడిచి, మరో అరచేతి దూరం జరుగుతుంది. పగలంతా ఇదే పని. రాళ్ళ మీద కోపీపాడ్లు, ఇతర సూక్ష్మ ప్రాణులు విస్తారంగా పెరగడానికి కనీసం ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మాండరిన్ చేప కూడా ఇదే మేత మీద ఆధారపడుతుంది కనుక చిన్న ట్యాంకులో రెండింటినీ కలిపి పెంచడం సరికాదు. దుకాణంలో మైసిస్ (రొయ్యలాంటి చిన్న ప్రాణులు) తింటున్న లెపర్డ్‌ను కళ్ళారా చూసి కొనుక్కోగలిగితే సగం గండం గడిచినట్లే.

క్లీనర్ రాస్ వేస్తే మిగతా చేపల జబ్బులు పోతాయంటారు, నిజమేనా?

పోవు. లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ పగడపు దిబ్బలలో కూడా కనిపించే ఈ చేప ఇతర చేపల ఒంటి మీది గ్నాథిడ్ పురుగులను, జిగురును తిని బతుకుతుంది. ఇంటి ట్యాంకులో విపరీతంగా వచ్చే తెల్లచుక్కల జబ్బు పరాన్నజీవి చర్మం పైపొర కింద దాగి ఉంటుంది కనుక దాన్ని ఇది తొలగించలేదు. సరిపడినన్ని పెద్ద చేపలు లేని ట్యాంకులో క్లీనర్ రాస్ చిక్కిపోతుంది, ఉన్న కొద్ది చేపలనూ వదలకుండా వేధిస్తుంది. అద్దంలో తన రూపాన్ని తాను గుర్తించగలదని 2019లో ప్రచురితమైన ప్రయోగాలు సూచించిన చేప ఇది. దాన్ని మందు సీసాలా కొనడం న్యాయం కాదు.

## ట్యాంకు సిద్ధం చేసేటప్పుడు

మూత తప్పనిసరా? గాజు మూత పెడితే సరిపోదా?

మూత తప్పనిసరి. రాస్‌లు జబ్బుల వల్ల ఎన్ని చనిపోతాయో, నేల మీదికి దూకి కూడా దాదాపు అన్ని చనిపోతాయని అనిపించేంతగా ఈ అలవాటు వాటిలో ఉంది. లైటు ఒక్కసారిగా ఆరినప్పుడు, అర్ధరాత్రి ఎవరో గదిలో దీపం వేసినప్పుడు, మరో చేప తరిమినప్పుడు ఇవి నిట్టనిలువుగా లేస్తాయి. ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌లు ఇందులో ముందుంటాయి. గాజు మూత దూకకుండా ఆపుతుంది గాని, వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, గాలి ఆడనివ్వదు. మన వేసవిలో అది మరో ఇబ్బంది. ఆరు మిల్లీమీటర్లకు మించని కన్నులున్న పారదర్శక నైలాన్ వలను కిటికీ దోమతెరల ఫ్రేముకు బిగించి పెట్టుకుంటే వెలుతురు, గాలి రెండూ అందుతాయి. ఇనుప జాలీ వాడితే ఉప్పు తేమకు తుప్పు పట్టి నీళ్ళలో రాలుతుంది. పైపులు, వైర్లు దిగే మూలల్లో మిగిలే సందులను కూడా మూయాలి, ఎందుకంటే చేప బొటనవేలంత సందులోంచి సైతం బయటపడగలదు.

ఇసుక ఎంత లోతు వేయాలి? గోదావరి ఇసుక కడిగి వాడవచ్చా?

ఇసుకలో పడుకునే రకాలకు ఐదు నుంచి ఏడున్నర సెంటీమీటర్ల లోతు కావాలి. రేణువు సన్నని పంచదార పరిమాణం నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు ఉండాలి, అంచులు గుండ్రంగా ఉండాలి. ఈ లక్షణాలన్నీ ఉన్న అరగొనైట్ అనే సున్నపు ఇసుకే ఉత్తమం. పిండిచేసిన పగడపు ముక్కల గరుకు పరుపు మీద ఈ చేపలకు పొట్ట కింద గాట్లు పడతాయి. నది ఇసుకలో పదునైన రేణువులు, ఒండ్రు ఎక్కువ. ట్యాంకు నీటి క్షారతను నిలబెట్టడంలో దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. ట్యాంకు మొత్తం లోతుగా వేయడం ఇష్టం లేకపోతే వెనుక వైపు ఒక మూలను మాత్రమే లోతుగా ఉంచవచ్చు, చేప ఆ చోటును తానే వెతుక్కుంటుంది.

విశాఖ నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే సాల్ట్ మిక్స్ (నీటిలో కలిపే సముద్రపు ఉప్పు పొడి) ఖర్చు తగ్గదా?

ఖర్చు తగ్గుతుంది గాని నమ్మకం కూడా తగ్గుతుంది. ఈ చేపల సొంతచోటైన పగడపు దిబ్బల నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గంగ మొదలుకొని గోదావరి, కృష్ణల దాకా ఎన్నో నదుల వరదనీరు చేరే బంగాళాఖాతంలో వానాకాలం ముగిసేసరికి తీరం వెంట ఉప్పదనం బాగా పడిపోతుంది. అక్టోబరు, నవంబరులలో అది 30కి దిగువన ఉండడం మామూలే. దీనికి తోడు ఒండ్రు, పడవల నూనె, ఊరి మురుగు, వీటి వెంట వచ్చే పరాన్నజీవులు ఉంటాయి. మన తీరంలోని రొయ్యల హేచరీలు సైతం సముద్రపు నీటిని ఉన్నదున్నట్లు వాడవు. తేర్చి, క్లోరిన్ వేసి, వడకట్టి, ఆ క్లోరిన్ విరిగాకే తొట్లలోకి వదులుతాయి. ఆ ఏర్పాట్లన్నీ చేసుకోగలిగినవారు వాడుకోవచ్చు. హైదరాబాదు నుంచి డబ్బాలతో వెళ్ళి తెచ్చుకునేవారికి సాల్ట్ మిక్సే చవక.

బోరు నీళ్ళలో సాల్ట్ మిక్స్ కలపవచ్చా?

కలపకూడదు. బోరు నీటిలోని నైట్రేట్, ఫాస్ఫేట్, లోహాలు నాచును పెంచి, కోరల్స్‌ను, వెన్నెముక లేని ప్రాణులను దెబ్బతీస్తాయి. ఆర్‌ఓ తరువాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ గుండా కూడా వచ్చి, టీడీఎస్ మీటరు సున్నా చూపే నీటినే వాడాలి.

నిజమైన పగడపు రాళ్ళు వేస్తే సూక్ష్మ ప్రాణులు బాగా పెరుగుతాయంటారు. మన దగ్గర ఎక్కడ దొరుకుతాయి?

మన సముద్రాల నుంచి తీసినవాటి కోసం వెతకవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి పగడాలన్నిటికీ 2001 నుంచి రక్షణ ఉంది. చచ్చిన పగడపు ముక్కను దగ్గర ఉంచుకున్నా చిక్కే. సిమెంటుతో గాని, సిరామిక్‌తో గాని చేసిన రంధ్రాల రాళ్ళు వాడి, బ్యాక్టీరియా సీసా, కోపీపాడ్ల కల్చర్ తెచ్చి పోసి, కొన్ని నెలలు ఓపిక పడితే అదే ఫలితం వస్తుంది.

వేసవిలో నీళ్ళు 31 డిగ్రీలు దాటుతున్నాయి. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా గడుస్తుందా?

నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అలా ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది కనుక రోజూ మంచినీటిని, అంటే ఉప్పు కలపని ఆర్‌ఓ నీటిని పోసి మట్టం సరిచేయాలి. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లో ఫ్యాను అంతగా పనిచేయదు. రాస్‌లకు 25 నుంచి 27 డిగ్రీలు అనుకూలం. పగలు 31కి చేరి రాత్రి 27కు దిగే ఊగిసలాట ఏటా ఉండే ఇంట్లో చిల్లర్‌ను కూడా చేప ఖర్చులోనే లెక్కవేసుకోవాలి.

## తెచ్చిన రోజు, తరువాతి కొన్ని వారాలు

దుకాణంలో ఏం చూసి ఎంచుకోవాలి?

ముందు మూతి చూడాలి. రవాణాలో సంచి గోడలకు కొట్టుకుని పై పెదవి చిట్లిన రాస్ కొత్త చోట మేత పట్టదు. తరువాత పక్క నుంచి పొట్టను, ఎదురుగా వీపును చూడాలి. తల వెనుక కండ కత్తి అంచులా పలచబడి ఉంటే చాలా రోజులుగా తిండి లేదని అర్థం. మీ కళ్ళ ముందు మేత వేయమని అడగండి. వేయడానికి ఇష్టపడని చోట కొనకపోవడమే మేలు.

సంచిలోని చేపకు గంటల తరబడి డ్రిప్ పెట్టాలా, అంటే ట్యాంకు నీటిని చుక్కచుక్కగా కలపాలా?

గంట రెండు గంటల దూరంలోని దుకాణం నుంచి తెచ్చుకుంటే నెమ్మదిగా నీరు కలపడం వల్ల నష్టం లేదు. విమానంలో ఇరవై, ముప్ఫై గంటలు ప్రయాణించి వచ్చిన సంచి సంగతి వేరు. అందులో చేప విసర్జించిన అమ్మోనియా, వదిలిన కార్బన్ డయాక్సైడ్ రెండూ పేరుకుని ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గి, అమ్మోనియా హాని తక్కువ రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. ఆ నీటిలోనే డ్రిప్ పేరుతో గంటసేపు ఉంచడమంటే చేప మొప్పలను కాల్చడమే. అమ్మకందారును ముందే అడిగి, అతని ఉప్పదనానికి సరిపోయేలా క్వారంటైన్ ట్యాంకు (కొత్త చేపను కొన్నాళ్ళు విడిగా ఉంచే ట్యాంకు) నీటిని సిద్ధం చేసుకుని, మూసి ఉన్న సంచిని పదిహేను, ఇరవై నిమిషాలు తేలనిచ్చి వేడి సరిపోల్చి, సంచి విప్పిన వెంటనే చేపను మాత్రమే లోపలికి వదలాలి.

వేయగానే ఇసుకలో దూరింది. మూడు రోజులైనా బయటికి రాలేదు, తవ్వి చూడాలా?

తవ్వకూడదు. బెదిరిన చేప మూడు రోజులు, ఒక్కోసారి వారం పైగా కూడా లోపలే ఉండడం సహజం. పైగా అది తన పుట్టిన చోటి పగలూ రాత్రుల లెక్కతో లేస్తుంది. ఇండోనేషియా నుంచి మన దగ్గరికి వచ్చిన చేపకు ఈ తేడా రెండు మూడు గంటలే గనుక త్వరగా సర్దుకుంటుంది. అమెరికాలో ఉన్న మన పెంపకందారులకు పగలు రాత్రి తారుమారు అవుతుంది కనుక లైట్లు ఆరాక చేప తిరుగుతూ కనిపించవచ్చు. ఇసుకను కదిపితే మళ్ళీ మొదటికొస్తుంది. అమ్మోనియా మాత్రం రోజూ పరీక్షించండి. చేప లోపల చనిపోతే ముందుగా తెలిసేది దానివల్లనే.

క్వారంటైన్ ట్యాంకులో ఇసుక వేస్తే పరాన్నజీవులను చంపే రాగి మందు పనిచేయదంటారు. మరి ఇసుకలో పడుకునే రాస్‌కు ఎలా?

అరగొనైట్ వంటి సున్నపు ఇసుక రాగిని పీల్చుకుంటుంది, అందుకే మోతాదు నిలవదు. దీనికి మార్గం ఒక ప్లాస్టిక్ డబ్బా. చేప పొడవుకు రెండింతలున్న డబ్బాలో ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున బాగా కడిగిన సన్నని సిలికా ఇసుక పోసి, ఖాళీ ట్యాంకులో పెడితే చేప అందులో పడుకుంటుంది. సిలికా రాగిని చెప్పుకోదగినంతగా పీల్చదు. రాస్‌లకు రాగి అంతగా పడదు కనుక మందు డబ్బా మీద రాసిన పూర్తి మోతాదుకు ఒక్క రోజులో కాక నాలుగైదు రోజులలో చేరుకోవాలి, రోజూ కొలవాలి. మేత పట్టని చేపకు మందు మొదలుపెట్టకూడదు.

పొద్దున్నే చేప చుట్టూ జిగురు తెరలా వేలాడుతోంది. ఫంగసా?

కాదు. ఫెయిరీ, ఫ్లాషర్, సిక్స్‌లైన్ రాస్‌లు రాత్రి తమ చుట్టూ అల్లుకునే జిగురు గూడు అది. ఒంటి వాసన బయటికి పొక్కకుండా, రక్తం పీల్చే పురుగులు అంటకుండా అది కాపు కాస్తుందని చెబుతారు. లైటు వెలిగిన కొద్దిసేపటికి చేప దాన్ని చీల్చుకుని వస్తుంది, చిరిగిన పొర ప్రవాహంలో కొట్టుకుపోతుంది.

## మేత, తోటి చేపలు

రోజుకు ఎన్నిసార్లు మేత వేయాలి? ఏం వేయాలి?

రాస్‌లకు జీర్ణకోశమనే సంచి లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది కనుక ఒకేసారి ఎక్కువ తిని నిలవ చేసుకోలేవు. రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా వేయాలి. ఫ్రోజెన్ మైసిస్ ప్రధాన ఆహారంగా, చేప గుడ్లు, కోపీపాడ్లు, మంచి పెల్లెట్లు మార్చి మార్చి ఇవ్వవచ్చు. హేచరీలవారు వాడే ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి ప్రాణి) పిల్లలు కొత్త చేపకు మేత మీద ఆశ పుట్టించడానికి ఎంతో ఉపకరిస్తాయి గాని, పెద్ద ఆర్టీమియాలో పోషకాలు తక్కువ కనుక అదొక్కటే పెడితే చేప చిక్కిపోతుంది.

మార్కెట్లో కొన్న పచ్చి రొయ్యలు తరిగి వేయవచ్చా?

వేయవచ్చు. పసుపు, ఉప్పు తగలని తాజా రొయ్యను పొట్టు తీసి, ఆర్‌ఓ నీటిలో కడిగి, బియ్యపు గింజంత ముక్కలు చేసి, గడ్డకట్టించి వాడుకోవాలి. అదే పూర్తి ఆహారం కాదు.

ఒకే ట్యాంకులో రెండు మూడు రాస్‌లు ఉండగలవా?

వేర్వేరు ప్రజాతులవైతే ఉండగలవు. నాలుగడుగుల ట్యాంకులో ఒక ఫెయిరీ, ఒక ఫ్లాషర్, ఒక యెల్లో కోరిస్ కలిసి ఉండడం తరచుగా చూస్తాం. అన్నిటికన్నా మెత్తనిదాన్ని ముందు, దూకుడుగా ఉండేదాన్ని చివర వేయాలి. కొత్తదాన్ని కన్నాలున్న పారదర్శక డబ్బాలో ఉంచి, ట్యాంకులోనే నాలుగైదు రోజులు వేలాడదీస్తే పాతవి గాజు మీద కోపం తీర్చుకుని అలసిపోతాయి. ఒకే జాతికి చెందిన రెండు మగచేపలను మాత్రం ఎన్నడూ కలపకూడదు.

ఆడది అని కొన్న ఫెయిరీ రాస్ మగదిగా మారింది. మరొకరి మగచేపకేమో రంగు వెలిసిపోయింది. ఎందుకిలా?

రాస్‌లలో చాలా రకాలు ఆడవిగా మొదలై, గుంపులో మగచేప లేనప్పుడు పెద్ద ఆడది మగదిగా మారుతుంది. కొన్ని వారాలలో రంగు, రెక్కల ఆకారం కూడా మారతాయి. వెనక్కి తిరిగే అవకాశం తక్కువ. మగచేప మెరుపంతా ఆడవాటి కోసమే. ఫ్లాషర్ మగది సాయంకాలం లైట్లు తగ్గే వేళ వీపు రెక్క తంతులన్నీ నిక్కబొడిచి, ఒంటి మీద విద్యుత్తు పారినట్లు నీలి గీతలు వెలిగించి ఆడదాని ముందు నుంచి దూసుకుపోతుంది. చూసే ఆడది లేకపోతే కొన్ని నెలలకు ఆ రంగు మందగిస్తుంది. రంగు నిలవాలంటే ఒక మగదానితో పాటు రెండు మూడు ఆడవాటిని, వీలైతే ఆడవాటినే ముందుగా, వేయడం మంచి పద్ధతి.

కోరల్స్‌ను, రొయ్యలను, నత్తలను తినేస్తాయా?

ఇంట్లో పెంచే చిన్న రాస్‌లు కోరల్స్ జోలికి పోవు. ఫెయిరీ, ఫ్లాషర్ రకాలు క్లీనర్ రొయ్యలను కూడా ముట్టవు. హాలికీరిస్ రకాలు పెద్దవయ్యాక చిన్న రొయ్యలను, చిన్న నత్తలను, ఫెదర్ డస్టర్ పురుగులను తినవచ్చు. మూన్ రాస్ ఉన్న ట్యాంకులో రొయ్యలు మిగలవు.

## జబ్బులు, ఆపదలు

ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చాయి. ట్యాంకులోనే మందు వేయవచ్చా?

ఉప్పు రవ్వల్లా విడివిడిగా కనిపించే చుక్కలైతే అది తెల్లచుక్కల జబ్బు తెచ్చే క్రిప్టోకారియన్ పరాన్నజీవి. పిండి చల్లినట్లు సన్నగా పరుచుకుని, చేప రొప్పుతూ ప్రవాహానికి ఎదురు నిలిస్తే అది అమైలూడినియం అనే మరో పరాన్నజీవి, దానికి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీసేంత వేగం ఉంది. కోరల్స్, రాళ్ళు ఉన్న ట్యాంకులో రాగి వేయకూడదు. చేపలన్నిటినీ వేరే ట్యాంకుకు మార్చి అక్కడే చికిత్స చేయాలి. అసలు ట్యాంకును చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి. పెంపకందారులు పాటించే లెక్క 76 రోజులు. చుక్కలు రెండు మూడు రోజుల్లో మాయమైతే జబ్బు తగ్గిందని సంబరపడవద్దు, పరాన్నజీవి చేపను వదిలి అడుగున రెట్టింపవుతున్న దశ అది.

దూకి నేల మీద పడి ఉంది, కొంచెం ఆరిపోయింది. ఏం చేయాలి?

మొప్పలు కదలకపోయినా సరే, వెంటనే తడి చేతితో ఎత్తి ట్యాంకులో వేసి, మెల్లని ప్రవాహానికి మూతి ఎదురుగా ఉండేలా కాసేపు పట్టుకోండి. కళ్ళు తేటగా ఉన్న చేప కోలుకోవడం అరుదు కాదు. దుమ్మును గోటితో గీకవద్దు, జిగురు పొర ఊడుతుంది. ఆ రోజు లైట్లు ఆర్పి ఉంచాలి.

కరెంటు పోతే ఎంతసేపు తట్టుకుంటాయి?

ముందు తరిగేది ఆక్సిజన్. చేపలు నిండుగా ఉన్న ట్యాంకులో రెండు మూడు గంటలకే ఇబ్బంది మొదలవుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి, ఇన్వర్టర్ ఉంటే లైట్లు, చిల్లర్ కాక నీటిని కదిపే ఒక వేవ్ పంపును మాత్రం దానికి కలపాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తీరప్రాంతాలవారు తుఫాను కాలంలో ఆ స్థాయి ఏర్పాటే చేసుకోవాలి. కరెంటు లేనంతసేపు మేత వేయకూడదు.

రాస్ పెద్దదైపోయింది, మిగతావాటిని బతకనివ్వడం లేదు. ఎలా పట్టాలి? సముద్రంలో వదలవచ్చా?

సముద్రంలో వదలకూడదు. వేరే సముద్రపు చేపతో పాటు దాని జబ్బులు కూడా వెళతాయి. పట్టడానికి వలతో వెంటపడితే రాళ్ళన్నీ కూలతాయి గాని చేప దొరకదు. పడిపోయే తలుపున్న యాక్రిలిక్ బోనును ట్యాంకులో పెట్టి, తలుపు తెరిచే ఉంచి, కొన్ని రోజులు మేత అందులోనే వేయాలి. చేప అలవాటుపడి నిర్భయంగా లోపలికి వెళ్ళే రోజున, ఉదయం మేత ఆపి మధ్యాహ్నం బోనులో మైసిస్ వేసి, దారం వదిలితే తలుపు పడుతుంది. తీసుకెళ్ళే బకెట్టుకు కూడా మూత ఉండాలి.